కారు 'మిస్సింగ్' కొడుతోందా?

ఉదయం ఎనిమిది కాకముందే రాజీవ్ రహదారి మీద తుర్కపల్లి వైపు కార్ల బారు మొదలవుతుంది. అల్వాల్, తూముకుంట, శామీర్‌పేట దాటుకుంటూ జీనోమ్ వ్యాలీలోని ల్యాబులకీ, టీకాల కంపెనీలకీ వెళ్లేవాళ్లు వీళ్లంతా. స్టీరింగ్ ముందు కూర్చున్నవారిలో ఆడవాళ్లూ తక్కువేం లేరు. టిఫిన్ డబ్బాలు సర్ది, పిల్లల్ని బస్సెక్కించి, అత్తగారి మాత్రలు బల్ల మీద పెట్టి, గడియారంతో పరుగుపందెం వేసి వచ్చినవాళ్లే చాలామంది.

అలాంటి ప్రయాణంలో ఓ రోజు కారు ఉన్నట్టుండి దగ్గడం మొదలుపెడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు దూకాల్సింది పోయి గుంజుకుంటుంది. ఆగితే ఒళ్లంతా వణుకు. డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. వెనక లారీవాడు హారన్ మోత. ఇప్పుడేం చెయ్యాలి? ఇలాగే పోనివ్వచ్చా? ఆపెయ్యాలా? మెకానిక్ ఎంతంటే అంత ఇచ్చెయ్యాలా?

ఈ దగ్గుని మెకానిక్కులు 'మిస్సింగ్' అంటారు. పెట్రోలు కార్లలో దీనికి తరచుగా కారణమయ్యేది ఇగ్నిషన్ కాయిల్. జానెడు వస్తువు. అది పోయిందా లేదా అన్నది పది, పదిహేను నిమిషాల్లో రుజువు చేసుకునే పద్ధతి ఒకటుంది. అది తెలిసినవారికి డబ్బు ఆదా, కారుకి ఆయుష్షు, మెకానిక్ దగ్గర మాటకి విలువ. అదేమిటో చూద్దాం.

ముందుగా ఒక మాట. మీది డీజిల్ కారైనా, పూర్తిగా బ్యాటరీ మీద నడిచే ఎలక్ట్రిక్ కారైనా ఈ గొడవ మీకు లేదు. వాటికి ఈ కాయిల్ ఉండదు. పెట్రోలు, సీఎన్‌జీ కార్లవారు మాత్రం తప్పక తెలుసుకోవాలి.

వంటింటి లైటరే అనుకోండి

పొయ్యి నాబ్ తిప్పి లైటర్ టక్కుమనిపిస్తే నిప్పురవ్వ పుట్టి గ్యాస్ అంటుకుంటుంది కదా! పెట్రోలు ఇంజిన్‌లో జరిగేదీ అదే. పిస్టన్ ఆడే గొట్టాన్ని సిలిండర్ అంటారు. అందులోకి పెట్రోలూ గాలీ కలిసి వస్తాయి. స్పార్క్ ప్లగ్ సమయానికి రవ్వ వేస్తుంది. పెట్రోలు మండి పిస్టన్‌ని తోస్తుంది. మామూలు కార్లలో ఇలాంటి సిలిండర్లు మూడో నాలుగో ఉంటాయి.

అయితే ప్లగ్గు కొస దగ్గరుండే సన్నని సందుని రవ్వ దాటాలంటే వేల వోల్టులు కావాలి. బ్యాటరీ ఇచ్చేది పన్నెండు వోల్టులే. ఆ పన్నెండుని ఇరవై వేలో ముప్పై వేలో చేసి ప్లగ్గుకి అందించేదే కాయిల్. దాని లోపల రెండు రకాల రాగి తీగ చుట్లుంటాయి. లావు తీగ కొన్ని వందల చుట్లు, వెంట్రుకంత సన్నతీగ వేల చుట్లు. లావు తీగలో కరెంటు పారించి ఠక్కున ఆపేస్తే సన్నతీగలో పెద్ద వోల్టేజీ పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది. మన వీధిలోని ట్రాన్స్‌ఫార్మరుకి కూడా ఇదే ఆధారం.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీ కార్ల రోజుల్లో ఇంజిన్ మొత్తానికీ ఒకటే కాయిల్. డిస్ట్రిబ్యూటర్ అనే పరికరం అందులోంచి వచ్చే కరెంటుని వంతులవారీగా ప్లగ్గులకి పంచేది. ఆ కాయిల్ పోతే కారు కదిలేదే కాదు. ఇవాళ్టి చాలా కార్లలో ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్ కూర్చుంటుంది. నాలుగింటిలో ఒకటి పోయినా మిగిలిన మూడూ లాక్కెళ్తాయి. చిక్కంతా ఇక్కడే. కారు నడుస్తూనే ఉంటుంది గనుక, 'ఆదివారం చూపిద్దాంలే' అనుకుని వారం రోజులు అలాగే తిప్పేస్తాం.

పాపం, కాయిల్ చేసే చాకిరీ కూడా తక్కువేం కాదు. ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతుంటే ఒక్కో కాయిల్ నిమిషానికి వెయ్యి రవ్వలు వెయ్యాలి. గంటకి సగటున నలభై కిలోమీటర్ల చొప్పున లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి పదిహేను కోట్ల రవ్వలవుతాయి. అదీ సలసల కాగే ఇంజిన్ మీద కూర్చుని! మరి అరగదూ?

పుట్టింటికి బయల్దేరిన బెర్తా

కారూ, కాయిలూ మగవాళ్ల వ్యవహారం అనేవారికి ఈ కథ చెప్పండి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిని ఆయనకి ముందుగా చెప్పకుండా బయటికి తీసింది. ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి ప్రయాణం కట్టింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంతదూరం మోటారు బండి మీద అంతకుముందు ఎవరూ వెళ్లలేదు.

దారిలో ఇంధనం అయిపోతే వీస్‌లోక్ ఊళ్లో మందుల షాపులో కొని పోసింది. ఇంధనం గొట్టానికి ఏదో అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. రవ్వకి కరెంటు తెచ్చే తీగ మీద తొడుగు అరిగిపోతే, మేజోళ్లు జారకుండా కట్టుకునే పట్టీ విప్పి దానికి చుట్టింది. ఆ బండిలో రవ్వ పుట్టించింది కూడా బ్యాటరీతో నడిచే కాయిలే. అంటే ప్రపంచంలో మొట్టమొదటి దూరప్రయాణపు కారులో ఇగ్నిషన్ రిపేరు చేసింది ఒక ఆడమనిషి. అప్పటికామెకి ముప్పై తొమ్మిదేళ్లు.

గుర్తులేమిటి?

కాయిల్ బలహీనపడుతున్నప్పుడు కారు ముందే చెబుతుంది.

* కదలకుండా నిలబడ్డప్పుడు ఇంజిన్ ఒకే లయలో కాకుండా కుంటినడకలా వణుకుతుంది. సైలెన్సర్ దగ్గర 'బుడ్... బుడ్' మని తేడా శబ్దం.

* ఫ్లై ఓవర్ ఎక్కేటప్పుడూ, ఏసీ వేసినప్పుడూ, లారీని దాటాలని గట్టిగా తొక్కినప్పుడూ పికప్ చాలక గుంజుతుంది.

* ఉదయం చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, ఇంజిన్ వేడెక్కాక మొదలవుతుంది. కాసేపు ఆపితే మళ్లీ సర్దుకుంటుంది. వేడికి లోపలి తీగచుట్లు వ్యాకోచించి బీట ఉన్నచోట తెగిపోతే ఇలా జరుగుతుంది.

* వానలోనూ, కారు కడిగించిన రోజునా ఎక్కువవుతుంది. కాయిల్ కింది రబ్బరు తొడుగు చిట్లితే తేమ పట్టి, కరెంటు ప్లగ్గుకి వెళ్లకుండా పక్కకి దూకేస్తుంది.

* మైలేజీ పడిపోతుంది. వెనక నుంచి పచ్చి పెట్రోలు వాసన.

ఇక్కడ తొందరపడకూడదు. అరిగిన ప్లగ్గు, మూసుకుపోయిన ఇంజెక్టర్, ఎలుక కొరికిన వైరు కూడా అచ్చం ఇవే గుర్తులు చూపిస్తాయి. జ్వరం వస్తే మలేరియాయే అనేస్తామా? రక్తపరీక్ష చేయిస్తాం కదా. ఇదీ అంతే.

లైటు మిటకరిస్తే ఆపెయ్యండి

డాష్‌బోర్డు మీద పసుపు రంగులో వెలిగే ఇంజిన్ బొమ్మని 'చెక్ ఇంజిన్ లైటు' అంటారు. అది నిలకడగా వెలుగుతూ, కారు పెద్దగా ఇబ్బంది పెట్టకుండా నడుస్తుంటే నెమ్మదిగా దగ్గరలోని షెడ్డు దాకా వెళ్లచ్చు. అదే లైటు ఆరుతూ వెలుగుతూ మిటకరిస్తోందంటే మాత్రం మిస్సింగ్ తీవ్రంగా ఉందని అర్థం. వెంటనే వేగం తగ్గించి, పక్కకి తీసి ఆపెయ్యాలి.

ఎందుకంటారా? నాబ్ తిప్పాక లైటర్ వెలగకపోతే ఏం చేస్తాం? గ్యాస్ కట్టేస్తాం. ఇక్కడ కట్టేసే చెయ్యి లేకపోతే రవ్వ పడని సిలిండర్‌లోంచి మండని పెట్రోలు నేరుగా సైలెన్సర్ దారి పడుతుంది. ఆ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. తేనెపట్టులాంటి పింగాణీ గదుల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాల పూత. పచ్చి పెట్రోలు అందులోకి వెళ్లి మండితే విపరీతమైన వేడి పుట్టి ఆ గదులు కరిగిపోతాయి. కాయిల్ ఖరీదు కారుని బట్టి వెయ్యి పైచిలుకు నుంచి కొన్ని వేల దాకా ఉంటుంది. కన్వర్టర్ పోతే లెక్క పదివేలల్లో. 'ఆదివారం దాకా' అన్న బద్ధకానికి మనం కట్టే వడ్డీ ఇదన్నమాట.

ఇంకో జాగ్రత్త. అలా ఆపినప్పుడు ఎండుగడ్డి మీద నిలపకండి. తుర్కపల్లి, ములుగు దారుల పక్కన వేసవిలో గడ్డి గరగరలాడుతుంటుంది. కారు అడుగున కాలిపోతున్న ఆ భాగం తగిలితే అంటుకోవచ్చు.

అటూ ఇటూ మార్చి చూడండి

ఇంజిన్‌కి మెదడులాంటి చిన్న కంప్యూటర్ ఏ సిలిండర్ తప్పుతోందో కనిపెట్టి ఒక అంకె గుర్తుంచుకుంటుంది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో స్కానర్ పెడితే ఆ అంకె చెబుతుంది. పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్సింగ్, పి0303 అంటే మూడోది. పి0300 అంటే ఫలానా అని కాకుండా అక్కడక్కడా తప్పుతోందని. పి0351 నుంచి పి0354 వరకూ వచ్చేవి ఒకటి నుంచి నాలుగు కాయిళ్ల కరెంటు దారిలో లోపాన్ని చెబుతాయి. మెకానిక్ దగ్గర స్కానర్ ఉంటుంది. సెల్‌ఫోన్‌తో పనిచేసే చిన్న స్కానర్లు వెయ్యి రూపాయల లోపే దొరుకుతున్నాయి.

అంకె చూడగానే 'కాయిల్ పోయింది' అనెయ్యడం తప్పు. పి0303 అన్నది మూడో సిలిండర్‌లో తేడా ఉందని మాత్రమే చెబుతుంది. ఆ తేడా కాయిల్‌దా, ప్లగ్గుదా, ఇంజెక్టర్‌దా అన్నది మనమే తేల్చాలి. దానికో తేలికైన పరీక్ష ఉంది. మూడో కాయిల్ తీసి ఒకటో దాని చోట, ఒకటో దాన్ని మూడో దాని చోట పెట్టాలి. పాత అంకె చెరిపేసి కారు నడిపి, మళ్లీ స్కాన్ చెయ్యాలి. ఈసారి పి0301 వచ్చిందనుకోండి, రోగం కాయిల్‌తో పాటే నడిచి వెళ్లింది. దొంగ దొరికినట్టే. మళ్లీ పి0303యే వస్తే కాయిల్ నిర్దోషి. అప్పుడు ప్లగ్గులు ఇలాగే మార్చి చూడాలి. అదీ కాకపోతే వైర్లు, ఇంజెక్టర్, ఆ తర్వాత ఇంజిన్ కంప్రెషన్.

అల్వాల్ నుంచి తుర్కపల్లి ల్యాబుకి రోజూ కారులో వెళ్లొచ్చే ఒక పరిచయస్తురాలు ఈ పరీక్షనే అడిగి చేయించుకుంది. బానెట్ ఎత్తి చూసిన మెకానిక్, "నాలుగు కాయిల్స్ పోయినయ్ మేడం. సారుకు ఫోన్ చెయ్యుండ్రి, ఖర్చు చెప్త" అన్నాడట.

"సారు ఈ బండి నడపడన్నా, నడిపేది నేనే. నాకే చెప్పు. మూడో కాయిల్ తీసి ఒకటో దాంట్లో పెట్టి చూపించు" అంది ఈవిడ.

అతను ఓ క్షణం ఆగి, "సరే మేడం, పెట్టి చూద్దాం" అన్నాడు. మిస్సింగ్ మూడు నుంచి ఒకటికి మారింది. ఒక్క కాయిల్, పాతబడ్డ ప్లగ్గులూ మార్చడంతో పని అయిపోయింది. మిగతా మూడు కాయిళ్లూ ఆ కారులో ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. మర్నాటి నుంచి ఆ మెకానిక్ ఏ విషయమైనా ఆవిడతోనే మాట్లాడుతున్నాడు. కాయిల్ ఖరీదు కన్నా ఇది పెద్ద లాభం అంటుందావిడ.

నాలుగూ మార్చమనే ప్రతి మెకానిక్కూ మోసగాడని కాదు. నాలుగింటి వయసూ ఒకటే గనుక ఒకటి పోతే మిగిలినవీ దారిలో ఉండవచ్చన్నది అతని వాదన. కారు బాగా తిరిగి, నెలల తేడాలో రెండో కాయిల్ కూడా పోతే ఆ మాట వినవచ్చు. మొదటిసారికి మాత్రం రుజువైన దాన్నే మార్చడం తెలివైన పని.

ఎందుకు పోయిందో చూసుకోండి

కారణం వదిలేసి కాయిల్ ఒక్కటే మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. మొదటి నేరస్తురాలు పాత ప్లగ్గు. అది అరిగేకొద్దీ కొస దగ్గర సందు పెరుగుతుంది. ఆ సందు దాటించడానికి కాయిల్ మరింత వోల్టేజీ పుట్టించాలి, మరింత వేడెక్కాలి. అందుకే యజమాని పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకి ప్లగ్గులు మార్చెయ్యాలి. సీఎన్‌జీని వెలిగించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి గనుక ఆ కార్లలో ప్లగ్గుల విషయం ఇంకా శ్రద్ధగా చూడాలి.

రెండోది, కాయిల్ దిగే గుంతలో చేరిన ఇంజిన్ ఆయిల్. పైమూత కింది గాస్కెట్ పాతబడితే ఆయిల్ లోపలికి కారి రబ్బరు తొడుగుని పాడుచేస్తుంది. కాయిల్ తీసినప్పుడు కింది కొస తడిగా, నూనెగా ఉంటే గాస్కెట్ కూడా మార్పించాలి. మూడోది నీళ్లు. సర్వీసింగ్‌లో బానెట్ కింద నీటి గొట్టంతో ఫెడేల్మని కొట్టనివ్వకండి. నాలుగోది ఎలుకలు. కాయిల్‌కి వచ్చే సన్నవైర్లు వాటికి పరమాన్నం.

మార్చడం ఎలా?

కారు వారంటీలో ఉంటే మీరు చెయ్యి పెట్టకండి, కంపెనీ సర్వీసుకే పంపండి. వారంటీ దాటి, కాయిళ్లు పైకి కనిపించేలా ఉన్న కారైతే ఇది మిక్సీ జార్ బ్లేడు మార్చినంత పనే. చేయించుకునేవారికి కూడా వరస తెలిసి ఉండటం మంచిది.

1. ఇంజిన్ ఆపి, తాళం తీసి, బాగా చల్లారనివ్వండి. బ్యాటరీ మైనస్ కనెక్షన్ విప్పండి. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకి చూడటం కొందరికి అలవాటు. ముప్పై వేల వోల్టులతో ఆటలొద్దు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవారు అసలు దగ్గరకే రాకూడదు.

2. పైన ప్లాస్టిక్ మూత ఉంటే తీసి, చుట్టూ దుమ్ము తుడవండి. గుంతలోకి ఇసుక పడితే ఇంజిన్ లోపలికి చేరుతుంది.

3. కాయిల్‌కి తగిలించిన కనెక్టర్ నొక్కు తాళాన్ని నొక్కి మెల్లగా లాగండి. వైరు పట్టుకుని లాగకూడదు. వేడికి ఎండిన ప్లాస్టిక్ ముక్క చెక్కలవుతుంది.

4. కాయిల్‌ని పట్టి ఉంచే బోల్టు ఒకటుంటుంది. చాలా కార్లకి పదో నంబరు పానా సరిపోతుంది. బోల్టు తీసి, కాయిల్‌ని అటూ ఇటూ కాస్త తిప్పి నిటారుగా పైకి లాగండి.

5. తీసిన కాయిల్ మీద బీటలు, నల్లని సన్నగీతలు, రబ్బరు చిట్లడం ఉన్నాయేమో చూడండి. కరెంటు పక్కదారి పట్టిన చోట ఆ నల్లగీత పడుతుంది. పైకి శుభ్రంగా ఉన్నంత మాత్రాన మంచిదనుకోవద్దు. పైన చెప్పిన మార్పిడి పరీక్షే అసలు సాక్ష్యం.

6. ప్లగ్గు కూడా మారుస్తుంటే, కొత్తదాన్ని మొదట చేత్తోనే తిప్పి కూర్చోబెట్టాలి. అడ్డంగా బిగిస్తే మరలు చెడి, రిపేరు చేంతాడంత అవుతుంది.

7. కొత్త కాయిల్ తిన్నగా దింపి, ప్లగ్గు మీద కూర్చున్నట్టు చేతికి తెలిశాక బోల్టు మితంగా బిగించండి. కనెక్టర్ 'టిక్'మనాలి. బ్యాటరీ తగిలించి, స్కానర్‌తో పాత అంకె చెరిపి, కాసేపు నడిపి చూడండి.

కొనేటప్పుడు

కాయిల్ మీద ఉండే పార్టు నంబరు రాసుకుని అదే అడగండి. చూడటానికి ఒకేలా ఉన్నా కారు కారుకీ లోపలి అమరిక వేరు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ అన్ని రకాలూ దొరుకుతాయి, నకిలీలతో సహా. సీలు చెదరని డబ్బా, దాని మీద ఎమ్మార్పీ, బిల్లు, ఈ మూడూ చూసుకోండి. మెకానిక్ మార్చినప్పుడు పాత ముక్క చేతికిమ్మని అడగండి. 'పాతది ఎందుకమ్మా' అంటే 'ఊరికే' అనండి చాలు.

చీకటి పడ్డాక ఆగిపోతే

తుర్కపల్లి దాటాక సాయంత్రం షిఫ్టు వదిలే వేళ రాజీవ్ రహదారి మీద లారీల జోరు తెలిసిందే. కారు బొత్తిగా లాగకపోతే నాలుగు దీపాలూ మిటకరించేలా హజార్డ్ స్విచ్ నొక్కి, ఎడమ అంచుకి తియ్యండి. పెట్రోలు బంకు, హోటలు వంటి వెలుతురున్న చోటు కూతవేటు దూరంలో ఉంటే మెల్లగా అక్కడికి చేర్చండి. ఎర్ర ముక్కోణాన్ని కారుకి బాగా వెనక పెట్టి, మీరు రోడ్డుకి దూరంగా నిలబడండి. ఇంట్లోవారికి ఫోన్‌లో మీరున్న చోటు పంపండి. భయమనిపిస్తే 112కి చెయ్యడానికి మొహమాటపడొద్దు. బీమా పాలసీలో రోడ్డు మీద సాయం అందించే సదుపాయం ఉందేమో, ఆ నంబరేమిటో ఇవాళే చూసి ఫోన్‌లో పెట్టుకోండి.

ఇక చివరగా, కారు సొరుగులో ఓ చిన్న నోట్‌బుక్ పడెయ్యండి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎన్నో నంబరు కాయిల్ మారింది, ప్లగ్గులెప్పుడు మారాయి, స్కానర్ ఏ అంకె చెప్పింది, అన్నీ అందులో ఎక్కించండి. ఈసారి మెకానిక్ 'అన్నీ మార్చాలి మేడం' అంటే ఆ పేజీ తిప్పి చూపించవచ్చు. పాలవాడి లెక్క, చాకలి పద్దు, చీటీల పుస్తకం ఏళ్ల తరబడి తప్పు లేకుండా రాస్తున్నవాళ్లం. ఇదెంత పని చెప్పండి!